నీడ చెప్పే జాడ

కురుక్షేత్ర సంగ్రామం ముగింపునకు వచ్చిన నాడు, సైన్యాన్నంతటినీ కోల్పోయిన దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో ప్రవేశించి, జలస్తంభన విద్యాబలంతో దాని అడుగున దాగాడు. పాండవులు ఎంత వెదకించినా అతని జాడ దొరకలేదు. అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ మడుగు ఒడ్డున నిలిచి, నీటిలో ఉన్న తమ రాజుతో సంభాషిస్తుండగా, దప్పిక తీర్చుకోవడానికి అటు వచ్చిన కొందరు బోయలు ఆ మాటలు విన్నారు. వారు భీమసేనునికి నిత్యం మాంసం తెచ్చియిచ్చేవారు. పరుగున పోయి తాము విన్న సంగతి విన్నవించారు. కంటికి చిక్కనివాడు చెవికి చిక్కాడు. నీరు దాచిన గుట్టును ధ్వని బయటపెట్టింది. ఆ తరువాత జరిగిన గదాయుద్ధం జగద్విదితం.

ఈ ఘట్టాన్ని చదివినవారికి ఒక ప్రకృతి ధర్మం స్ఫురించక మానదు. నీరు వెలుగును మింగివేస్తుంది. ధ్వనిని మాత్రం మోసుకుపోతుంది. తేటనీటిలో కూడా లోతుకు పోయేకొద్దీ సూర్యకాంతి క్షీణిస్తుంది. ఇక బురద కలిసిన వరదనీటిలో మోచేతిదాకా ముంచిన చేయి మునివేళ్లు కనిపించవు. ధ్వని సంగతి వేరు. గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోయే ధ్వని, నీటిలో దాదాపు 1500 మీటర్లు పోతుంది. 1826లో స్విట్జర్లాండులోని జెనీవా సరస్సు మీద కొలడాన్, స్టర్మ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ వేగాన్ని కొలిచారు. ఒక పడవ నుంచి నీటిలోకి వేలాడదీసిన గంటను మోగించి, అదే క్షణంలో తుపాకీ మందును మండించి మెరుపు పుట్టించారు. సుమారు 13 కిలోమీటర్ల ఆవల ఉన్న మరో పడవలో, నీటిలో ముంచిన పొడవైన గొట్టానికి చెవి ఆనించి గంట నాదం కోసం వేచి ఉన్నారు. మెరుపు కనబడిన క్షణానికీ, నాదం వినబడిన క్షణానికీ మధ్య గడిచిన కాలమే వారికి ధ్వనివేగాన్ని తెలిపింది.

వేగం తెలిస్తే దూరం తెలుస్తుంది. ధ్వనిని పంపి, అది దేనికో తగిలి తిరిగివచ్చేదాకా పట్టిన కాలాన్ని లెక్కిస్తే, ఆ తగిలిన వస్తువు ఎంత దూరాన ఉన్నదో చెప్పవచ్చు. 1912లో టైటానిక్ నౌక మంచుకొండను ఢీకొని మునిగిపోయిన తరువాత ఈ ఆలోచనకు ఊపు వచ్చింది. 1914లో ఫెస్సెండెన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రంలో మంచుకొండ నుంచి ప్రతిధ్వనిని పట్టగలిగాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల భయం ఈ విద్యను మరింత పదునుపెట్టింది. అలా రూపొందిన సాధనమే సోనార్. గబ్బిలం చీకటిలో తన కూతనే కన్నుగా చేసుకుని ఎగిరినట్లు, నావ తన ధ్వనినే చూపుగా చేసుకుని సాగడం మొదలుపెట్టింది.

అయితే లోతును కొలిచే తొలినాటి సోనార్ చూపు ఇరుకైనది. పడవకు సరిగ్గా కింద ఎంత లోతున్నదో చెప్పేది. పక్కన ఏమున్నదో చెప్పలేకపోయేది. ఆ కొరతను తీర్చింది పార్శ్వచిత్ర సోనార్. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పనామా సిటీ పట్టణంలో నౌకాదళానికి ఒక పరిశోధనశాల ఉండేది. సముద్రగర్భంలో శత్రువులు అమర్చిన మందుపాతరలను కనిపెట్టడం దాని పని. అక్కడ పనిచేసిన జూలియస్ హేగ్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, పక్కలకు ధ్వనిని పంపి సముద్రతలాన్ని చిత్రంగా గీసే పద్ధతికి 1958లో పేటెంటు కోరాడు. రక్షణ రహస్యమన్న కారణంగా అది 1980 దాకా వెలుగు చూడలేదు. ఈలోగా 1960వ దశకంలో మార్టిన్ క్లైన్ తదితరులు ఇటువంటి సాధనాన్ని సర్వజనోపయోగం కోసం తయారుచేశారు. 1545లో ఇంగ్లండు తీరాన మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌక ఉన్న చోటును 1967లో పసికట్టడానికి తోడ్పడింది ఈ విద్యయే. నాడు పెద్ద ఓడల వెనుక తాడు కట్టి లాగవలసిన ఈ యంత్రం 2005 నాటికి చేతిపెట్టె అంతటిదై, సామాన్యుల చేపల పడవకు కూడా అమరింది. మందుపాతర కోసం పుట్టిన చూపు చేప ఇంటి ముంగిటికి వచ్చి నిలిచింది.

ఈ సాధనం పనిచేసే తీరు సులభగ్రాహ్యమే. పడవ అడుగున అమర్చిన చిన్న పరికరం కుడి ఎడమలకు రెండు విసనకర్రలు విప్పినట్లు ధ్వనిని విసురుతుంది. ముందు వెనుకలకు ఆ విసనకర్ర మందం బహు స్వల్పం. పక్కలకు మాత్రం విశాలం. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. ఈ పరికరాలు సాధారణంగా వాడే ధ్వని సెకనుకు 4,55,000 లేదా 8,00,000 కంపనాలది. ఒక్కొక్క విసురుకు నదీతలం మీద ఒక్క సన్నని గీత మేరకు మాత్రమే సమాచారం వస్తుంది. పడవ ముందుకు సాగుతూ ఉంటే, ఆ గీత పక్కన మరొక గీత, దాని పక్కన ఇంకొకటి చేరుతాయి. మగ్గం మీద పేక పోగులు ఒకదాని వెంట ఒకటి చేరి చీర అంచు, చెంగు రూపు దాల్చినట్లు, తెర మీద నదీగర్భం నేయబడుతుంది. నేతగాని చేయి తడబడితే నేత చెడినట్లే, పడవ వంకర తిరిగితే చిత్రమూ వంకర పోతుంది. అందుకే పడవను గంటకు సుమారు 8 కిలోమీటర్ల నిలకడ వేగంతో, తిన్నగా నడపాలి. తొందరపడేవారికి నది తన రూపం చూపదు.

తెర మీద కనబడేది ఛాయాచిత్రం వంటిదే గాని ఛాయాచిత్రం కాదు. దానిని చదవడం నేర్చుకోవాలి. రాయి, కంకర వంటి గట్టి తలాలు ధ్వనిని బలంగా తిప్పికొడతాయి కనుక అవి ప్రకాశవంతంగా కనిపిస్తాయి. మెత్తని ఒండ్రుమట్టి ధ్వనిని పీల్చుకుంటుంది కనుక అది నల్లగా ఉంటుంది. ఇసుక మీద ప్రవాహం దిద్దిన అలల ముగ్గు స్పష్టంగా తెలుస్తుంది. వీటన్నిటికంటె ఎక్కువ చెప్పేది నీడ. నదీతలం మీద లేచి ఉన్న ఏ వస్తువైనా తన వెనుకకు ధ్వని పోకుండా అడ్డగిస్తుంది. అక్కడి నుంచి ప్రతిధ్వని రాదు. ఆ మేర తెర మీద చీకటి మిగులుతుంది. నేల మీద పడుకున్న చెట్టు మామూలు తెల్లని గీతలా కనబడినా, దాని వెనుక పరచుకున్న నీడలో కొమ్మలు, రెమ్మలు, వేళ్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. తెల్లని చుక్కగా కనబడే చేపకు కూడా, దానికి కొంత ఎడంగా, నల్లని నీడ ఉంటుంది.

ఆ నీడ పొడవును బట్టి వస్తువు ఎత్తును కూడా గణించవచ్చు. పరికరం నదీతలానికి 6 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. నీడ చివరి కొన పరికరానికి 30 మీటర్ల దూరాన ఉండి, నీడ పొడవు 5 మీటర్లయితే, ఆరును అయిదుతో హెచ్చించి ముప్పైతో భాగించాలి. ఫలితం 1. ఆ వస్తువు ఎత్తు ఒక మీటరు. పాఠశాలలో నేర్చిన సరూప త్రిభుజాల లెక్కయే ఇది. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు నీటిలోని ప్రతిబింబాన్ని చూస్తూ పైనున్న మత్స్యయంత్రాన్ని కొట్టాడని జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది. వస్తువును సూటిగా చూడరాని చోట దాని నీడే దారి చూపుతుందన్న భావం ఆ కథకు ప్రాణం. పార్శ్వచిత్ర సోనార్ ముందు కూర్చున్నవారి సాధన కూడా అటువంటిదే.

సాధనం ఎంత గొప్పదైనా దాని విలువ, దానిని ఏ ప్రశ్నకు సమాధానంగా వాడారన్న దాని మీద ఆధారపడుతుంది. అమెరికా ఆగ్నేయభాగంలోని జార్జియా రాష్ట్రంలో అటువంటి ప్రశ్న ఒకటి తలెత్తింది. పంతొమ్మిదవ శతాబ్దంలోను, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలోను ఆ ప్రాంతపు అడవులలో పొడుగాటి ఆకుల దేవదారు జాతి చెట్లను, చిత్తడినేలల సైప్రస్ వృక్షాలను విస్తారంగా నరికారు. భద్రాచలం అడవుల టేకును తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపినట్లే, అక్కడ కూడా దుంగలను నదులలో తేల్చి కోతమిల్లులకు చేర్చారు. దారిలో బరువైన దుంగలు ఎన్నో మునిగిపోయాయి. ప్రాణవాయువు అంతగా అందని నీటి అడుగున అవి కుళ్లిపోకుండా నూరేళ్లకు పైగా నిలిచి ఉన్నాయి. అటువంటి చేవగల ప్రాచీన వృక్షాలు నేడు అడవులలో అరుదు. అందువల్ల మునిగిన దుంగకు అంగడిలో గిరాకీ పెరిగింది. నదీగర్భంలో నిరుపయోగంగా పడి ఉన్న సొమ్మును బయటికి తీసుకోవడంలో తప్పేమిటని కొందరు అడిగారు.

నిరుపయోగం అన్న మాట దగ్గరే చిక్కు వచ్చింది. ఆ నదుల అడుగు చాలా చోట్ల కదిలే ఇసుక. ఇసుకలో వేరూనడానికి, అంటిపెట్టుకోవడానికి పట్టు ఉండదు. ప్రవాహంలో నిలకడగా ఉండే చెట్టు మొద్దు, కూలిన కొమ్మ, మునిగిన దుంగ జలకీటకాలకు ఆధారం. ఆ కీటకాలు చేపలకు ఆహారం. జార్జియాలోని సటిల్లా నది మీద ఆర్థర్ బెన్కీ బృందం చేసి 1985లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని రుజువు చేసింది. నదీతలంలో కొయ్య ఆక్రమించిన చోటు స్వల్పమే అయినా, కొన్ని ముఖ్యమైన చేపజాతుల ఆహారంలో సగానికి మించిన భాగం దాని మీద బ్రతికే ప్రాణుల నుంచే వస్తున్నదని తేలింది. ఆహారమే కాదు, దుంగ చాటున ప్రవాహపు ఉరవడి తగ్గుతుంది. అక్కడ చేప అలుపు తీర్చుకుంటుంది, పగవానికి కనబడక దాగుతుంది, పిల్లలను కాపాడుకుంటుంది. నావలకు అడ్డమని 1824 నుంచి అమెరికా ప్రభుత్వమే పెద్ద నదులలోని మొద్దులను పెకలించి వేయించింది. చేపల ఇళ్లను కూలుస్తున్నామన్న ఎరుక ఆ కాలానికి లేదు.

దుంగలను తీయనివ్వాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు, అసలవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో తెలియాలి. ఆ నీరు కలక. అడుగు కనబడదు. మనుషులు దిగి తడిమి చూడగలిగింది కొద్ది దూరమే. జార్జియా సహజవనరుల శాఖలో పనిచేస్తున్న ఆడమ్ కేసర్, థామ్ లిట్స్ అనే ఇద్దరు పరిశోధకులకు, చేపలు పట్టేవారి కోసం అమ్ముతున్న చవక పార్శ్వచిత్ర సోనార్ మీద దృష్టి పడింది. లక్షల రూపాయల సముద్రయంత్రం అక్కరలేకుండా, చిన్న పడవకు ఆ పరికరం కట్టుకుని, నైరుతి జార్జియా వాగులలో ప్రయాణిస్తూ చిత్రాలు సేకరించారు. రంపంతో కోసిన దుంగకు కొనలు నునుపుగా, మేను తిన్నగా ఉంటుంది. దానంతట అది కూలిన చెట్టుకు వేళ్లు, కొమ్మలు ఉంటాయి. ఆ తేడాను తెర మీద గుర్తుపట్టి దుంగలను లెక్కించారు. అంతటితో తృప్తిపడక, చిత్రం చెప్పిన మాట నిజమో కాదో నదిలో సరిచూసుకున్నారు. ఇసుకలో పూడిపోయిన దుంగకు నీడ ఉండదు. ఒకదాని మీద ఒకటి పడిన మొద్దుల గుట్టలో ఏది ఎన్నవదో చెప్పడం కష్టం. నీడ చెప్పని సంగతులు కూడా ఉంటాయని ఎరిగి, ఆ మేరకు లెక్కను సవరించుకోవడమే పండితలక్షణం. వారి పరిశోధన 2008లో వెలువడింది.

2010లో వారే మరో అడుగు ముందుకు వేశారు. ఇచవేనోచవే అనే వాగు పొడవునా తీసిన చిత్రాలను ఉపగ్రహాలు తెలిపే స్థాననిర్దేశంతో జోడించి, అతుకు వేసి, ఎక్కడ రాతి నేల, ఎక్కడ ఇసుక, ఎక్కడ కొయ్య ఉన్నదో తెలిపే పటం తయారుచేశారు. ఆ తరువాత దిగువ ఫ్లింట్ నదిని కూడా అదే రీతిగా చిత్రించారు. అంతకుముందు నదిని పరిశీలించేవారు ఇక్కడొక వంద గజాలు, అక్కడొక వంద గజాలు చూసి, మిగిలినదంతా ఊహించేవారు. ఏనుగును తడిమిన అంధుల కథ వారిది. ఇప్పుడు నది ఏకఖండంగా కనబడింది. ఏ చేప గుడ్లు పెట్టడానికి రాతినేలను కోరుతుందో, ఏది దుంగల నీడను ఆశ్రయిస్తుందో తెలిసినవారికి, ఆనకట్ట నీరు ఎంత వదలాలి, ఏ మలుపును కాపాడాలి అన్న ఆలోచనకు ఆ పటం ఆధారమయింది. కేసర్ ఆపైన అమెరికా మత్స్య, వన్యప్రాణి సంరక్షణ సంస్థకు చెందిన పనామా సిటీ కార్యాలయంలో ఈ కృషిని కొనసాగించాడు. ఒకనాడు మందుపాతరల కోసం పార్శ్వచిత్ర సోనార్ రూపుదిద్దుకొన్న పట్టణమే అది. సంహారానికి పుట్టిన విద్య సంరక్షణకు మళ్లి మళ్లీ తన పుట్టినింటికే చేరింది.

ఈ కథకు మరొక పార్శ్వం ఉంది. ఆ పరికరం శాస్త్రజ్ఞుల కోసం తయారైనది కాదు. చేపలు పట్టేవారి కోసం తయారైనది. ముప్పై ఏళ్లు ఒక జలాశయం మీద పడవ నడిపి, గాలం ఎక్కడ తట్టుకున్నదో, ఏ పొద్దున ఏ మలుపులో నీరు కదిలిందో గుర్తుపెట్టుకున్న ముసలి జాలరి, ఆ గుట్టును కొడుక్కి తప్ప మరొకరికి చెప్పేవాడు కాడు. ఆనకట్ట కట్టకముందు అక్కడ పారిన పాత ఏటి గట్టు, మునిగిపోయిన వంతెన దిమ్మె, నీటి అడుగున నిలిచిన చెట్ల మోళ్లు అతనికి మనసులోని పటం. ఇప్పుడు నిన్న వచ్చిన కుర్రవాడు ఒక్క ఉదయంలో ఆ పటాన్ని తెర మీద చూడగలడు. ముసలివాని ముప్పై ఏళ్ల విద్య చవక అయిపోయిందన్న బాధ ఒకటి. చేపకు దాగే చోటు లేకుండా పోయిందన్న భయం మరొకటి. రెండూ కొట్టిపారేయదగినవి కావు. పూర్వం జాలరి అజ్ఞానమే చేపకు సగం రక్షణ. ఆ రక్షణ తొలగినప్పుడు దాని స్థానంలో మనిషి నిగ్రహం నిలవాలి. ఎన్ని పట్టాలి, ఎంతటివి వదిలిపెట్టాలి అన్న నియమాలకు అందుకే విలువ పెరిగింది.

చేపలు పట్టేవారిలోనూ ఇళ్లు కట్టేవారున్నారు. జలాశయాలు పాతబడేకొద్దీ మునిగిన చెట్లు చివికిపోతాయి, అడుగు బోసిపోతుంది. అటువంటి చోట్ల పొదలను కట్టగట్టి బరువు వేసి ముంచడం అక్కడ పరిపాటి. క్రిస్మస్ పండుగ ముగిశాక పారవేసే చెట్లను సేకరించి జలాశయాలలో వేయించే ప్రభుత్వశాఖలు కూడా ఉన్నాయి. వేసిన పొద వేసినచోటే నిలిచిందా, దాని చుట్టూ చేపలు చేరాయా అని తెలుసుకోవడానికి మళ్లీ ఆ పార్శ్వచిత్ర సోనారే ఉపకరిస్తుంది. దోచుకోవడానికి దారి చూపినదే, కట్టినదాన్ని కనిపెట్టుకునే కావలి కూడా అయింది.

నదీగర్భంలో పడి ఉన్న ఒక దుంగ చిత్రాన్ని ముగ్గురు చూస్తారు. కొయ్య వర్తకునికి అందులో ధర కనబడుతుంది. జాలరికి అందులో వేట కనబడుతుంది. మూడవవానికి అందులో ఒక ఇల్లు కనబడుతుంది. చిత్రం ఒక్కటే. నీడా ఒక్కటే. భేదమంతా చూసేవారి చిత్తంలో ఉంది. వర్తకుణ్ణి గాని, జాలరిని గాని నిందించవలసిన పనిలేదు. బ్రతుకుతెరువు ఎవరిదైనా గౌరవింపదగినదే. కాని మొదటి ఇద్దరి లెక్కలోకి మూడవవాని చూపు కూడా చేరినప్పుడే నది నదిగా మిగులుతుంది.

ద్వైపాయన హ్రదం ఒడ్డున బోయలు విన్నది నిజమే. వారు చెప్పినదీ నిజమే. విన్న నిజాన్ని ఎవరికి చేరవేశారన్న దాని మీదనే దాగినవాని బ్రతుకు ఆధారపడింది. దుర్యోధనుడు తన కర్మఫలం అనుభవించాడు గనుక ఆ బోయలను ఎవరూ తప్పుపట్టరు. చేప ఏ నేరమూ చేయలేదు. అది తన ఇంట తానున్నది. దాని గుమ్మం జాడ తెలుసుకున్న మనిషి, ఆ తెలివిని ఏ చెవిన వేస్తాడన్నదే ఇక మిగిలిన ప్రశ్న.